ధాత కరువూ, సూర్యుని మచ్చలూ

తెలుగునాట పెద్దలు కరువులను అంకెలతో గుర్తు పెట్టుకోలేదు. ఏ సంవత్సరంలో వచ్చిన కరువుకు ఆ సంవత్సరం పేరే పెట్టారు. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టినది నందన కరువు. 1876లో మొదలై 1878 దాకా కర్నూలు, బళ్ళారి, కడప, నెల్లూరు జిల్లాలను, మైసూరును, తమిళ జిల్లాలను, బొంబాయి దక్కనును పీడించినది ధాత కరువు. ధాత పోయి ఈశ్వర నామ సంవత్సరం వచ్చినా కరువు పోలేదు. పేరు మాత్రం ధాతదే నిలిచింది.

ఆ కరువులో బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతాల్లోనే యాభై లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో జనం దాదాపు నాలుగో వంతు తగ్గారు. ఒక ఊళ్ళో నాలుగిళ్ళు ఉంటే అందులో ఒక యిల్లు ఖాళీ అయిందని అనుకుంటే ఆ అంకె అర్థమవుతుంది. కొందరు చనిపోయారు, కొందరు ఊరు విడిచి వెళ్ళారు. ఈ సంచిక చదివే కుటుంబాల్లో తాతముత్తాతలు మారిషస్‌కో, నాటాలుకో, బర్మాకో ఓడ ఎక్కినవారు ఉంటారు. ఆ కాలంలో మద్రాసు రేవు నుండి కదిలిన ఓడలను నింపిన కారణాల్లో కరువు ఒకటి. కనుక ఈ కథ మనకు పరాయి కథ కాదు.

వానలు ఎందుకు పడలేదు? ఈ ప్రశ్నకు 1877లోనే ఇద్దరు పేరున్న ఆంగ్లేయులు ఒక జవాబు చెప్పారు. నేరం సూర్యునిది అన్నారు. సూర్యుని మీద మచ్చలు తగ్గినప్పుడు సూర్యుని శక్తి మారుతుందనీ, దానితో దక్షిణ దేశంలో వానలు తగ్గుతాయనీ వారి వాదం. ఆ నింద నిజమో కాదో తేల్చడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. తేల్చే పనిలో మన ప్రాంతాలకు పెద్ద భాగమే ఉంది. ఇప్పుడు మళ్ళీ అదే సూర్యుని మీద మరో నింద వేస్తున్నారు గనుక పాత విచారణను ఒకసారి తిరగవేయడం మంచిదని నాకు తోచింది.

ముందుగా మచ్చల సంగతి. దూరదర్శిని వచ్చిన కొద్ది కాలానికే, అంటే 1610 ప్రాంతంలోనే, సూర్యబింబం మీద నల్లని మచ్చలు ఉన్నాయని గెలీలియో మొదలైనవారు చూశారు. అవి వస్తూ పోతూ ఉంటాయి. జర్మనీలో ష్వాబే అనే మందుల వ్యాపారి బుధగ్రహానికి లోపల మరో గ్రహం ఉందేమోనని వెదుకుతూ పదిహేడేళ్ళ పాటు రోజూ సూర్యుణ్ణి చూశాడు. గ్రహం దొరకలేదు గాని, మచ్చలు ఒక వరస ప్రకారం పెరిగి తరుగుతున్నాయని 1843లో ప్రకటించాడు. తరువాత స్విట్జర్లాండులో వోల్ఫ్ పాత పుస్తకాలన్నీ గాలించి, ఆ వరస సుమారు పదకొండేళ్ళని స్థిరపరిచాడు. వోల్ఫ్ వేసిన లెక్క ఇవాళ్టికీ సాగుతూనే ఉంది.

సూర్యుని మచ్చలకూ ధాన్యానికీ ముడిపెట్టిన మొదటి పండితుడు విలియం హెర్షెల్. ఇంగ్లండులో గోధుమ ధరలు మచ్చలు తక్కువైన కాలాల్లో ఎక్కువగా ఉన్నాయని ఆయన 1801లో చెబితే చాలామంది నవ్వారు. డెబ్బై ఏళ్ళ తరువాత ఎవరూ నవ్వలేదు. దానికి కారణం గుంటూరులో మొదలయింది.

1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగుదేశం మీదుగా పోయింది. ఫ్రాన్సు నుండి జాన్సెన్, బ్రిటిషు ప్రభుత్వం తరఫున సైన్యపు ఇంజనీరు టెనెంట్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నం చేరాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి గారు నైజాము రాజ్యంలోని వనపర్తిలో మరొక బృందాన్ని నడిపారు. తెలుగు ఊళ్ళ పేర్లు ప్రపంచ ఖగోళ పత్రికలకు ఎక్కిన రోజులవి. సూర్యుని అంచున కనిపించిన ఎర్రని జ్వాలలు వాయువులేనని ఆ రోజు వర్ణపటదర్శిని చూపింది. ఆ వెలుగులో ఒక పసుపు గీత కూడా ఉంది. భూమి మీద అప్పటికి తెలిసిన ఏ పదార్థానికీ అది సరిపోలేదు. దానికే తరువాత హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద హీలియం దొరికింది 1895లో. జాన్సెన్ గుంటూరులో మరునాడే, గ్రహణం లేకుండానే, ఆ జ్వాలలను మళ్ళీ చూశాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తన సొంత ఉపాయంతో అదే పని చేశాడు.

2024 ఏప్రిల్ 8న మన ఫ్రిస్కో మీద నీడ పడినప్పుడు అంచున గులాబి రంగు చుక్కలు కంటితో చూసినవారు చాలామంది ఉన్నారు. అవే ఆ జ్వాలలు. అప్పుడు సూర్యుడు తన మచ్చల ఉచ్ఛదశకు దగ్గరలో ఉన్నాడు గనుక చుట్టూ ఉన్న వెలుగు కిరీటం అన్ని వైపులకూ విచ్చుకొని కనబడింది. గుంటూరు గ్రహణం నాటికి మచ్చలు బాగా తగ్గి ఏడాది దాటింది, మళ్ళీ పెరగడం అప్పుడే మొదలైంది. ఒకే సూర్యుడే గాని దశ వేరు.

సరే, ఈ లాకియరే మన కథలో ముఖ్యుడు. సూర్యుడు మారుతూ ఉండే వస్తువని రుజువైన తరువాత, ఆ మార్పు భూమి మీద ఎందుకు కనబడదని ఆయన అడిగాడు. అంతలో మారిషస్ నుండి ఒక మాట వచ్చింది. అక్కడి వాతావరణ పరిశీలకుడు చార్లెస్ మెల్డ్రం, హిందూ మహాసముద్రంలో తుఫానులు మచ్చలు ఎక్కువైన ఏళ్ళలో ఎక్కువగా వస్తున్నాయని 1872లో వ్రాశాడు. అంటే మన కూలీలు చెరకు కోస్తున్న దీవిలోనే ఈ లెక్క కూడా తయారయింది.

1876లో వానలు పోయాయి. 1877లోనూ వేసవి తరువాత వాన రాలేదు. భారత ప్రభుత్వ గణాంక శాఖ అధిపతి విలియం హంటర్, 1813 నుండి మద్రాసు పట్టణంలో కురిసిన వాన లెక్క తీసి, పదకొండేళ్ళ వరసలో పేర్చాడు. మచ్చలు తక్కువైన ఏళ్ళలో వాన తక్కువ అని ఆ పట్టిక చెప్పింది. 1877 నవంబరులో లాకియరూ హంటరూ కలిసి లండను పత్రికలో మచ్చలు, కరువులు అన్న శీర్షికతో వ్యాసం ప్రకటించారు. అది పెద్ద సంచలనం. అర్థశాస్త్రవేత్త జెవన్స్ మరో మెట్టు ఎక్కి, సూర్యుని మచ్చల వల్ల ఇండియాలో పంటలు, పంటల వల్ల ఇంగ్లండులో వ్యాపార సంక్షోభాలు అని గొలుసు కట్టాడు.

ఈ వాదాన్ని తేలికగా తీసిపారేయకూడదు. మచ్చలు కనిష్ఠమైన సంవత్సరాలు చూడండి. 1833, 1856, 1867, 1878. నందన కరువు 1832–33. బళ్ళారి ప్రాంతంలో కరువు 1854. ఒరిస్సాను నాశనం చేసి గంజాం వరకు తాకిన కరువు 1866. ధాత కరువు 1876–78. ఈ జాబితా నల్లబల్ల మీద వ్రాస్తే ఏ తరగతిలోనైనా పిల్లలు ‘అవును గదా’ అంటారు. నేనూ వారిని తప్పు పట్టను. ఇంత చక్కగా సరిపోయిన జాబితా ముందు కాస్త ఆగి, సరిపోని ఏళ్ళేవి అని అడగడం పెద్దవాళ్ళకు కూడా కష్టం.

అలా అడిగినవాడు ఒకడున్నాడు. రిచర్డ్ స్ట్రేచీ అనే సైనిక ఇంజనీరు. అదే 1877లో రాయల్ సొసైటీలో ఆయన మద్రాసు వాన అంకెలనే తీసుకొని, పదకొండేళ్ళ వరసకు ఆ లెక్కలో బలం లేదని చూపించాడు. అంకెలు ఏ వరసలో పేర్చినా కొంత ఎత్తుపల్లం కనబడుతుంది. ఆ ఎత్తుపల్లం మామూలు తేడాలకంటె పెద్దదైతేనే దానికి అర్థం ఉంటుంది. ఇది స్ట్రేచీ మాటల సారం. గణాంకశాస్త్రం ఇంకా పసితనంలో ఉన్న రోజుల్లో ఇంత స్పష్టంగా ఆలోచించడం మెచ్చుకోదగ్గ సంగతి. ఆయనే తరువాత కరువు సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

హంటరు లెక్కలో ఇంకొక లోపం ఉంది. అది తెలుగువాడికి వెంటనే తెలుస్తుంది. మద్రాసులో కురిసే వాన చాలావరకు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలది, ఈశాన్య ఋతుపవనానిది. కర్నూలు రైతు కళ్ళు కాచుకొనేది జూను నుండి వచ్చే నైరుతి కోసం. మద్రాసు పట్టణం వాన చూసి కర్నూలు పొలం సంగతి చెప్పడం, డాలస్ వాన చూసి ఎల్ పాసో సంగతి చెప్పినట్లే. భారత వాతావరణ శాఖ మొదటి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ మచ్చల సిద్ధాంతం మీదనే ఆధారపడలేదు. ఆయన హిమాలయాల మంచు వైపు చూశాడు.

సూర్యుని మీద నేరం మోపడం పాలకులకు ఒక విధంగా సౌకర్యమయింది. నింద ఆకాశం మీద ఉంటే నేల మీద ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిగింది. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి, సహాయపు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిగా డబ్బులు చాలునన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తరువాత గాని పెంచలేదు. ఇండియా నుండి ధాన్యం ఎగుమతి మాత్రం ఆగలేదు. వాన పడకపోవడం ఒకటి, తిండి అందకపోవడం ఒకటి. రెంటినీ ఒకే మాటలో కలిపి ‘కరువు’ అనడం వల్ల ఎంతో సంగతి మరుగున పడింది. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారి వంటి దాతలు ఆ కాలపు కరువుల్లో గంజి పోశారని సీమ జనం ఇప్పటికీ పాడుకొనేది ఈ తేడా వారికి తెలుసు గనుకనే.

అయితే ఈ నింద వల్ల ఒక మేలు జరిగింది. సూర్యుణ్ణి రోజూ చూసి వ్రాసి పెట్టాలన్న పట్టుదల ప్రభుత్వానికి కలిగింది. కరువుకూ సూర్యునికీ సంబంధం ఉంటే ముందుగా తెలుసుకోవచ్చునన్న ఆశ దాని వెనుక ఉంది. 1792 నుండి మద్రాసులో ఉన్న నక్షత్రశాల పని 1899లో పళని కొండల మీద కోడైకనాలుకు మారింది. సముద్రమట్టానికి రెండు వేల మూడు వందల మీటర్ల పైన, మబ్బు తక్కువగా ఉండే చోటు. మిచీ స్మిత్ మొదటి అధిపతి. తరువాత వచ్చిన ఎవర్షెడ్, మచ్చలో నుండి వాయువు బయటికి విచ్చుకొని ప్రవహిస్తున్నదని 1909లో కనిపెట్టాడు. ఆయన భార్య మేరీ కూడా ఖగోళశాస్త్రజ్ఞురాలే.

కోడైకనాలులో 1904 నుండి సూర్యబింబాన్ని రోజూ ఫోటో తీశారు. మామూలు తెల్లని వెలుగులో మచ్చలు కనబడతాయి. కాల్షియం ఇచ్చే ఊదా వెలుగులో తీస్తే మచ్చల చుట్టూ ఉండే కాంతిమండలాలు కనబడతాయి. ఈ రెండో రకం ఫోటోల విలువ తీసినవారికే పూర్తిగా తెలియదు. రెండు యుద్ధాలు వచ్చాయి, దొరలు పోయి మనవాళ్ళు వచ్చారు, ఫోటోలు మాత్రం నూరేళ్ళ పాటు తీస్తూనే ఉన్నారు. ఫలితం వెంటనే ఏమీ రాని పని అలా చేయడం సామాన్యం కాదు. 1960లో అక్కడికి అధిపతిగా వచ్చిన వైను బప్పు గారు హైదరాబాదులో పెరిగినవారు. తండ్రి నిజామియా నక్షత్రశాలలో పనిచేశారు. హార్వర్డులో చదివి, కాల్షియం గీతను బట్టి నక్షత్రాల అసలు వెలుగును లెక్కించే పద్ధతిని విల్సన్‌తో కలిసి 1957లో ప్రకటించారు. బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ ఆయన కట్టినదే. కోడైకనాలు గాజు పలకలన్నీ ఇప్పుడు ఆ సంస్థ వారు కంప్యూటరులోకి ఎక్కించారు.

మరి వాన సంగతి తేల్చింది ఎవరు? గిల్బర్ట్ వాకర్ అనే గణిత పండితుడు 1904లో ఇండియా వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చాడు. కోడైకనాలు కూడా ఆయన క్రిందనే ఉండేది. ఆయన సూర్యుని మచ్చలకూ, వానకూ, గాలి బరువుకూ, ప్రపంచమంతటి లెక్కలు తెప్పించి ఒకదానితో ఒకటి సరిపోల్చాడు. గుమాస్తాలు చేతితో కట్టిన లెక్కలవి. మచ్చలతో సంబంధం చాలా బలహీనంగా తేలింది. కాని ఆ గుట్టలో మరొకటి బయటపడింది. హిందూ మహాసముద్రం వైపు గాలి బరువు పెరిగినప్పుడు పసిఫిక్ తూర్పు వైపు తగ్గుతుంది, ఇటు తగ్గితే అటు పెరుగుతుంది. తక్కెడ లాగా. 1920లలో దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. 1969లో బ్యెర్క్‌నెస్, పెరూ తీరపు జాలర్లు ఎల్ నీనో అని పిలిచే సముద్రపు వేడికీ ఈ తక్కెడకూ ముడి ఉందని చూపాడు.

1877–78లో వచ్చిన ఎల్ నీనో మనకు తెలిసిన వాటిలో చాలా బలమైనది. కర్నూలులో జనం చనిపోతున్న ఆ ఏళ్ళలోనే ఉత్తర చైనాలోనూ, బ్రెజిల్ ఈశాన్య మూలలోనూ వానలు లేక లక్షలాది మంది చనిపోయారు. అసలు ముద్దాయి పసిఫిక్ మహాసముద్రం. ఇక మచ్చల జాబితాకు సరిపోని ఏళ్ళు ఇవిగో. 1918లో ఇండియాకు ఘోరమైన అనావృష్టి; మచ్చలు ఉచ్ఛదశకు చేరి ఒక్క ఏడాదే అయింది. 1979లో అనావృష్టి, అప్పుడూ మచ్చలు ఉచ్ఛదశలోనే. 2002లో కూడా అంతే. హంటరు ఇవన్నీ చూడలేదు. నూరేళ్ళు ఆగినవారికి కనిపించాయి.

మన టెక్సస్‌కు ఈ తక్కెడ తిరగేసి వర్తిస్తుంది. ఎల్ నీనో రాయలసీమకు చెరుపు, దానికి ఎదురైన లా నీనా మనకు చెరుపు. 2011లో లా నీనా వచ్చి టెక్సస్ అంతా ఎండిపోయింది. డాలస్ విమానాశ్రయంలో 71 రోజులు నూరు డిగ్రీలు దాటింది.

ఇక రెండో నింద. వేసవిలో మన యిళ్ళ విందుల్లో ఎండల మాట వస్తే, ‘సూర్యుడే వేడెక్కాడు, మనమేం చేస్తాం’ అనే మాట తప్పకుండా వినబడుతుంది. దీనికి జవాబు చెప్పాలంటే సూర్యుడు పూర్వం ఎంత వెలుగు ఇచ్చాడో తెలియాలి. కొలిచే యంత్రాలు లేని కాలపు సూర్యుణ్ణి ఎలా కొలుస్తారు?

ముందు యంత్రాల మాట. భూమి మీద నుండి కొలిస్తే గాలి, దుమ్ము, మబ్బు అడ్డు వస్తాయి. అమెరికాలో స్మిత్‌సోనియన్ వారు యాభై ఏళ్ళకు పైగా కొండల మీద నుండి కొలిచారు. వారు చూసిన హెచ్చుతగ్గులు చాలావరకు గాలివే అని తరువాత తేలింది. 1978లో ఎగిరిన నింబస్-7 ఉపగ్రహం నుండి సరైన కొలత మొదలయింది. భూమి దూరంలో, సూర్యునికి ఎదురుగా పట్టిన ఒక చదరపు మీటరు మీద సుమారు 1361 వాట్ల శక్తి పడుతుంది. మచ్చల వరస పొడుగునా అది మారేది వెయ్యిలో ఒక్క వంతే. ఇంకో చిత్రం, మచ్చలు ఎక్కువైనప్పుడు సూర్యుడు కాస్త ఎక్కువ వెలుగుతాడు. మచ్చ నల్లనిదే, కాని చుట్టూ ఉన్న కాంతిమండలాల వెలుగు ఆ లోటును పూడ్చి మిగులుతుంది. కోడైకనాలు కాల్షియం పలకల మీద ఉన్నవి ఈ మండలాలే. ఉపగ్రహాలు లేని 1904 నుండి 1978 వరకు సూర్యుడు ఎంత వెలిగాడో లెక్క కట్టడానికి ఇప్పుడు పండితులు ఆ పలకలు వాడుతున్నారు. కరువు కోసం తీసిన ఫోటోలు ఇలా మరో విచారణలో సాక్ష్యానికి వచ్చాయి.

అంతకు ముందు మూడు వందల ఏళ్ళకు మచ్చల లెక్క ఉంది. అందులో ఒక వింత. 1645 నుండి 1715 వరకు మచ్చలు దాదాపు లేవు. పందొమ్మిదవ శతాబ్దం చివర ష్పోరర్, మాండర్ ఈ సంగతి చెబితే, ఆనాటివారు సరిగా చూడలేదేమో అని కొట్టిపారేశారు. 1976లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాక్ ఎడ్డీ పాత పుస్తకాలు, ధ్రువ కాంతుల వార్తలు, గ్రహణ వర్ణనలు, చెట్ల సాక్ష్యం అన్నీ జోడించి, ఆ శూన్యం నిజమేనని నిరూపించాడు. మన చరిత్రలో అది గోలకొండ చివరి రోజుల కాలం. తానీషా పాలనలో కంచర్ల గోపన్న, మన రామదాసు, చెరసాలలో ఉన్న రోజుల్లో ఆకాశంలో సూర్యుని మీద మచ్చ దొరకడం అరుదు. 1687లో గోలకొండ పడిపోయిన నాటికీ అదే స్థితి.

చెట్ల సాక్ష్యం ఎలాంటిదో చెబుతాను. అంతరిక్షం నుండి విశ్వకిరణాలు ఎప్పుడూ భూమి మీదికి వస్తుంటాయి. అవి గాలిని తాకినప్పుడు కర్బనం-14, బెరిలియం-10 అనే అరుదైన పదార్థాలు పుడతాయి. సూర్యుడు చురుకుగా ఉంటే అతని అయస్కాంత క్షేత్రం ఆ కిరణాలను చాలావరకు తోసివేస్తుంది. సూర్యుడు మందంగా ఉంటే అవి ఎక్కువగా చొరబడతాయి. కర్బనం గాలిలో కలిసి చెట్టు పీల్చుకొంటే, ఆ ఏటి వలయంలో అది దాగి ఉంటుంది. బెరిలియం మంచుతో కురిసి గ్రీన్‌లాండు, దక్షిణ ధ్రువపు మంచుపొరల్లో పేరుకొంటుంది. వలయం, పొర, ఏటికొకటి. మన ఊళ్ళలో కరణం గారి దస్త్రం లాగా ప్రతి ఏడాదికీ ఒక పద్దు. అలా పదకొండు వేల ఏళ్ళ సూర్యుని నడవడిని 2004లో సొలాంకీ బృందం కూర్చింది. 774–775 ప్రాంతపు వలయాల్లో ఒక్కసారిగా కర్బనం-14 పెరిగినట్లు జపానులో మియాకే 2012లో కనిపెట్టారు. అది సూర్యుని మీద పెద్ద పేలుడు గుర్తని చాలామంది అభిప్రాయం. వేంగిలో చాళుక్యులు ఏలుతున్న కాలం అది.

ఈ సాక్ష్యాలన్నీ చూసిన మీదట, మచ్చలు లేని ఆ డెబ్బై ఏళ్ళలో సూర్యుని వెలుగు తగ్గినది ఎక్కువ లెక్కల్లో వెయ్యిలో ఒకటి రెండు వంతుల లోపే. ఐరోపాలో ఆనాటి చలికి అది కొంత తోడై ఉండవచ్చు. కాని చలి అంతకు ముందే మొదలయింది. అగ్నిపర్వతాల బూడిదకు అందులో పెద్ద పాలు ఉంది.

ఇక మన కాలం. 1978 తరువాత సూర్యుని సగటు వెలుగు పెరగలేదు, కాస్త తగ్గింది కూడా. 2008 నుండి 2019 వరకు సాగిన మచ్చల వరస నూరేళ్ళలో అతి బలహీనమైన వాటిలో ఒకటి. అయినా ఆ పదేళ్ళూ భూమి వేడి పెరుగుతూనే పోయింది, 2024 అన్నిటికంటె వేడి సంవత్సరమయింది. 1750 నుండి మనుషుల పనుల వల్ల భూమికి చేరిన అదనపు వేడి చదరపు మీటరుకు సుమారు 2.7 వాట్లని 2021 నాటి అంతర్జాతీయ నివేదిక లెక్క. సూర్యుని వాటా దాదాపు సున్న. మరో గుర్తు పిల్లలకు కూడా చెప్పవచ్చు. సూర్యుడే వేడెక్కి ఉంటే పై గాలి, క్రింది గాలి రెండూ వేడెక్కాలి. కొలిస్తే క్రింది గాలి వేడెక్కుతూ పై గాలి చల్లబడుతున్నది. దుప్పటి కప్పుకొంటే లోపల వెచ్చన, బయట చల్లన అయినట్లు. దుప్పటి బొగ్గుపులుసు వాయువుది. కారులూ, విద్యుత్తు కర్మాగారాలూ మనవే.

సూర్యునికి ఏ ప్రభావమూ లేదని దీని అర్థం కాదు. అతని అతినీలలోహిత కాంతి మచ్చల వరసతో బాగానే మారుతుంది, అది పై గాలిలోని ఓజోనును కదిలిస్తుంది. అక్కడి నుండి చలికాలపు గాలుల మీద ఎంత ప్రభావం పడుతుందన్నది ఇంకా తేలవలసిన సంగతే.

అందుకు ఇప్పుడు కొత్త కన్ను ఒకటి పనిచేస్తున్నది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట ఉంది. ఆ పక్కగా బకింగ్‌హాం కాలువ పోతుంది. ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత ఆ కాలువలో కొంత భాగం తవ్వించి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. 2023 సెప్టెంబరు 2న ఆ శ్రీహరికోట నుండే ఆదిత్య-ఎల్1 బయలుదేరింది. అందులో సూర్యకిరీటాన్ని చూసే పరికరం కట్టింది బెంగుళూరు సంస్థ వారు, అంటే కోడైకనాలుకూ మద్రాసు నక్షత్రశాలకూ వారసులు. అతినీలలోహిత కాంతిలో సూర్యబింబాన్ని చిత్రించే పరికరం పూనా వారిది. 2024 జనవరి 6న అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో తన చోటు చేరింది. అక్కడ రాత్రి లేదు, గ్రహణం లేదు. సూర్యుడు ఎప్పుడూ ఎదుటనే ఉంటాడు.